డిష్ సోలార్ కుక్కర్ వేడి: రెండు సెన్సర్లలో దేన్ని నమ్మాలి?

మహబూబ్‌నగర్‌లో డాబా మీది డిష్ సోలార్ కుక్కర్‌లో (గిన్నె మీదికి అద్దాలతో ఎండను మళ్లించే పొయ్యి) ఖాళీ స్టీలు గిన్నె అడుగును ఇన్‌ఫ్రారెడ్ గన్ (తాకకుండా, పరారుణ కిరణాలను బట్టి వేడిని కొలిచేది) 90 డిగ్రీలుగా, థర్మోకపుల్ (కొన తాకిన చోట వేడిని కొలిచే తీగ సెన్సర్) 240గా చూపుతున్నాయని, ఏది నిజమని అడిగారు. నా ఉద్దేశంలో రెండూ నమ్మదగినవి కావు. మెరిసే స్టీలు తన వేడికి తగినంత పరారుణ కిరణాలను వెలువరించదు కనుక గన్ తక్కువ చూపుతుంది. థర్మోకపుల్ కొనకు, ముఖ్యంగా అది నల్లబడి ఉంటే, అద్దాల నుంచి వచ్చే ఎండ నేరుగా తగిలి గిన్నె కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, పైగా గాలి వీచినప్పుడల్లా అంకె ఊగుతుంది. కొనను గిన్నె లోపల, ఎండ తగలని చోట, లోహానికి గట్టిగా ఆనించి బిగించండి. గన్ గురిపెట్టే చోట వేడిని తట్టుకునే, మెరుపులేని నల్ల రంగు పూయండి. అంతకుముందు థర్మోకపుల్‌ను మరిగే నీటిలో తప్పక పరీక్షించండి: మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నందున అక్కడ నీరు 98 డిగ్రీల చేరువలోనే మరుగుతుంది.