గాలి తిప్పే ముందు తూకం వెయ్యి

తార్నాక,
ఆదివారం

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

నీకు ప్రాజెక్టుగా ఫ్లూయిడైజ్డ్ బెడ్, అంటే గొట్టంలో పోసిన పొడిని కిందినుంచి గాలి ఊది నీళ్లలా కదిలించే అమరిక, ఇచ్చారని నిన్న ఫోన్‌లో చెప్పావు, చాలా సంతోషం. రాణిగంజ్‌లో తిరిగి బ్లోయర్, యాక్రిలిక్ గొట్టం కూడా తెచ్చేశావట. సూత్రాలన్నీ కంప్యూటర్లో పెట్టేశాను, పదిహేను రోజుల్లో రీడింగులు అయిపోతాయి అన్నావు చూడు, ఆ మాటకే ఇలా కూర్చుని రాస్తున్నాను. జీడిమెట్లలో ముప్పై ఏళ్లు ఈ బెడ్ల ముందు నిలబడ్డాను. గాలి, పొడి కలిస్తే ఏం జరుగుతుందో కళ్లతో చూడకుండా రాసుకున్న అంకెలను నేను నమ్మను.

ముందు ఒక మంచి త్రాసు సంపాదించు. గొట్టం లోపలి వ్యాసం 10 సెం.మీ. అన్నావు కదా, అంటే వైశాల్యం 78.5 చదరపు సెం.మీ. అందులో మూడున్నర కిలోల ఇసుక పోశావనుకో. 3500ని 78.5తో భాగిస్తే 44.6 వస్తుంది. గాలి ఇసుకనంతా మోస్తున్నప్పుడు, ఒత్తిడి కొలిచే యూ గొట్టంలో (మానోమీటర్‌లో) రంగునీళ్ల మట్టాల తేడా కూడా 44.6 సెం.మీ. దగ్గరే నిలవాలి. గ్రాములను చదరపు సెంటీమీటర్లతో భాగిస్తే నేరుగా నీటి సెంటీమీటర్లే వస్తాయి, వేరే లెక్క అక్కర్లేదు. కాకపోతే యూ గొట్టాన్ని కలిపే కింది రంధ్రం, గాలిని పంచే చిల్లుల పలక ఉంది చూడు, ఆ డిస్ట్రిబ్యూటర్ ప్లేటుకు కాస్త పైన పెట్టించు. లేదంటే ప్లేటు తినే ఒత్తిడి కూడా ఇందులో కలిసిపోతుంది.

ఇంత చిన్న లెక్క మీద ఇంత పట్టుదల ఎందుకంటే, నా మొదటి ఉద్యోగంలో ఇది చూడకే ఒక బ్యాచ్ పోగొట్టాను. ఆ ఫ్యాక్టరీలో మాత్రలకు కలిపే తడి గుళికలను ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్‌లో ఆరబెట్టేవాళ్లం. ఆ రోజు ప్లేటుకు ఒక పక్క జల్లెడ మూసుకుపోయింది. గాలి రెండో పక్కన దారి చేసుకుని పైకి పోతోంది. అద్దంలోంచి చూస్తే పైన పొడి ఎగురుతోంది, బాగానే ఉందనుకున్నాను. గేజి మాత్రం మామూలు కంటే తక్కువ చూపించింది. సరిగా ఆరడం లేదని గాలి ఇంకా పెంచాను. సన్నపొడి పోయి ఫిల్టరు సంచులకు అంటుకుంది, అడుగున ముద్ద ముద్దగానే మిగిలింది. గేజి తక్కువ చూపిందంటే బెడ్‌లో కొంత భాగాన్ని గాలి మోయడం లేదని అర్థం. ఆ సంగతి నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, నీకు నేను చెబుతున్నాను.

ప్లేటు పిసినారిగా చేయించకు. బెడ్ తినే ఒత్తిడిలో 20 నుంచి 30 శాతం ప్లేటు కూడా తినాలి. అప్పుడే గాలి అన్ని రంధ్రాల్లోంచి సమానంగా వస్తుంది.

ఇసుకను 300, 212 మైక్రాన్ల జల్లెడల మధ్య నిలిచేలా జల్లించు. సగటున 250 మైక్రాన్లకు సెకనుకు సుమారు 5 సెం.మీ. వేగం దగ్గర బెడ్ కదలడం మొదలుపెట్టాలి. కానీ రీడింగులు గాలి పెంచుతూ తీయకు. బాగా పెంచి, ఒక పది నిమిషాలు కుతకుతలాడనిచ్చి, తర్వాత మెల్లగా తగ్గించుకుంటూ రాయి. పోసిన ఇసుక రేణువులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. వాటిని విడదీసేటప్పుడు ఒత్తిడి బరువును మించి ఒక్కసారి ఎగిసి పడిపోతుంది. తగ్గించేటప్పుడు ఆ ఎగుడు ఉండదు, వేగానికి ఒత్తిడి గ్రాఫు గీస్తే వాలుగీత, అడ్డగీత శుభ్రంగా కలుసుకుంటాయి. ఆ కలుసుకున్న చోటే నీకు కావలసిన కనీస వేగం.

పొడిని బట్టి ఆట మారుతుంది. గెల్డార్ట్ అనే శాస్త్రవేత్త 1973లో పొడులను ఎ, బి, సి, డి అని నాలుగు తెగలు చేశాడు, ఆ పటం నువ్వు చదివే ఉంటావు. చదివితే చాలదు, ఒక రోజంతా దీనికే కేటాయించి ఇంట్లో ఉన్నవాటితోనే చూడు. బియ్యప్పిండి పోస్తే అది అసలు లేవదు, పగుళ్లిచ్చి ఆ పగుళ్లలోంచి గాలిని వదిలేస్తుంది. అది సి. జొన్నలు పోస్తే గాలి విపరీతంగా అడుగుతాయి, నడిమధ్య నుంచి ఊటలా చిమ్ముతాయి. అది డి. నీ ఇసుక బి: కనీస వేగం దాటగానే బుడగలు మొదలు. పెట్రోలు శుద్ధి కర్మాగారాల్లో వాడే సన్నని ఉత్ప్రేరకం ఎ. అది ముందు బుడగలు లేకుండా పొంగుతుంది, ఆ తర్వాతే బుడగలు వస్తాయి. వాల్వు ఠక్కున మూసి చూడు: ఇసుక వెంటనే కూలబడుతుంది, ఉత్ప్రేరకం పొంగిన పాలు చల్లారినట్టు నింపాదిగా దిగుతుంది. ఆ దిగే తీరు ఒకసారి చూశావా, తెగ ఏదో నువ్విక మరిచిపోవు.

బుడగల గురించి ఒక మాట. కనీస వేగం దాటాక నువ్వు పెంచే గాలిలో ఎక్కువ భాగం బుడగలుగానే పోతుంది. 5 సెం.మీ. బుడగ సెకనుకు అర మీటరు వేగంతో పైకెక్కుతుంది. రేణువుల మధ్య పారే గాలికి అంత వేగం లేదు. అందుకే బుడగలోని గాలి పైనుంచి బయటికొచ్చి, చుట్టూ ఉన్న పల్చటి పొరలో తిరిగి మళ్లీ కిందినుంచి బుడగలోకే పోతుంది. దూరంగా ఉన్న ఇసుకను అది తాకనే తాకదు. బుడగ తన తోకలో కొంత ఇసుకను మోసుకుపోతుంది, బెడ్ కలిసేది దానివల్లే. కాబట్టి గాలి పెంచితే ఇసుక బాగా కలుస్తుందిగానీ, పెంచిన గాలంతా ఇసుకతో కలుస్తుందనుకోవద్దు. నీ సన్నని గొట్టంలో బుడగ గోడ నుంచి గోడకు పెరిగిందంటే ఇసుక పిస్టన్‌లా ఎగిరి పడుతుంది, మానోమీటర్ నీళ్లు ఊగిపోతాయి. ఆ రీడింగులు పెద్ద బెడ్‌కు పనికిరావు, పక్కన పెట్టు.

మన ఊరి వాతావరణాన్నీ రాసుకో. ఏప్రిల్‌లో గాలి పొడిగా ఉంటుంది, యాక్రిలిక్ గోడకు స్థిరవిద్యుత్తు పట్టి రేణువులు అతుక్కుంటాయి. గొట్టం చుట్టూ రాగితీగ చుట్టి ఎర్తింగ్ ఇవ్వు, గాలిని కొద్దిగా తడి చెయ్యి. శ్రావణంలో తిప్పలు వేరు, సన్నపొడి ఉండ కడుతుంది. అందుకే ప్రతి రీడింగు పక్కన ఆ రోజు తేమ కూడా వెయ్యి.

వచ్చే ఆదివారం పొద్దున్నే మీ ల్యాబుకు వస్తాను, అమ్మకు చెప్పు. ఇసుక పోసే ముందు తూచిన బరువు రాసిన కాగితం గొట్టానికి అంటించి ఉంచు. వాల్వు ఇద్దరం కలిసే తిప్పుదాం.

నీ మామయ్య