ఆటలతో ఇంగ్లిష్ గ్రామర్ వస్తుందా?

నల్గొండ దగ్గరి పల్లె బడిలో ఆరో తరగతి పిల్లలకు ఆటలతో గ్రామర్ చెప్పొచ్చా అని అడిగారు. చెప్పొచ్చు. కాకపోతే ఒక్కో ఆటతో ఒక్క తప్పునే పట్టుకోవాలి.

మన పిల్లలు ఎక్కువగా తడబడేది మాటల వరుస దగ్గరే. తెలుగులో క్రియ మామూలుగా చివర వస్తుంది, ఇంగ్లిష్‌లో కర్త తర్వాత వస్తుంది. ‘రవి’, ‘ఈట్’, ‘మ్యాంగోస్’ అని అట్టముక్కల మీద రాసి ముగ్గురికి ఇవ్వండి. ‘ఎస్’ను విడిగా చిన్న చీటీ మీద రాసి ‘ఈట్’ పిల్లాడి చేతిలో పెట్టండి. ముందు తెలుగు వరుసలో నిలబెట్టి, తర్వాత ఇంగ్లిష్ వరుసలోకి మారమనండి. ‘ఈట్స్’ పిల్లాడు చివరి నుంచి మధ్యలోకి ఉరుకుతాడు. ఆ ఉరుకుడే పాఠం! ఇప్పుడు ‘డూ’ అట్టతో ఇంకొకరు రవి ముందు నిలబడితే ప్రశ్న అవుతుంది. అప్పుడు ‘ఈట్’ తన చీటీని ‘డూ’కి ఇచ్చేయాలి, అది ‘డజ్’ అవుతుంది. ‘డజ్ రవి ఈట్స్’ అనే తప్పు ఇక్కడే పోతుంది.

‘చెట్టు కింద’ అనే మాట కూడా ఇలాగే: తెలుగులో ‘కింద’ చెట్టుకు వెనక, ఇంగ్లిష్‌లో ‘అండర్’ ముందు.

గోల అవుతుంది, పక్క క్లాస్ సారు తొంగి చూస్తారు, పర్వాలేదు. ఆట అయ్యాక ఆ వాక్యాలు నోట్‌బుక్‌లో రాయించకపోతే మాత్రం పిల్లలకు ఉరుకుడే గుర్తుంటుంది.