వెన్ను ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు

సుజాతా,

మీ అమ్మ ఎం.ఆర్.ఐ. రిపోర్టు చూశాను. నడుంలో నాలుగో పూస (ఎల్4) దాని కిందున్న ఐదో పూస (ఎల్5) మీద కాస్త ముందుకి జారింది, నరాల దారి ఇరుకైంది. యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా జారేది ఆ పూసే, కంగారు పడకు. చిన్న కోతతో చేసే కీహోల్ ఆపరేషన్ చేయిద్దామా అని అడిగావు. ఏళ్ల తరబడి న్యూరోసర్జరీ వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

చిన్న కోత అనగానే సరేననేయకు. లోపల ఏం చేస్తారో ముందు తెలుసుకో. ఈ పద్ధతిలో కండని ఎముక నుంచి ఒలిచి పక్కకి లాగరు. కండ పోగుల మధ్య నుంచి సుమారు 2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టం దించి, మైక్రోస్కోపులో చూస్తూ నరాన్ని నొక్కుతున్న ఎముకనీ, ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంటునీ తీసేస్తారు. రక్తం తక్కువ పోతుంది, మనిషి త్వరగా లేచి తిరుగుతుంది. అవి నిజమైన లాభాలే. కానీ ఏడాది రెండేళ్లు గడిచాక చూస్తే, పాత పద్ధతిలో తెరిచి చేసినా నొప్పి తగ్గడంలో పెద్ద తేడా ఉండదు. అందుకే డాక్టరుగారికి ఏది బాగా చేయి తిరిగిందో అదే చేయించుకోవడం మేలంటాను.

ఆయన్ని గట్టిగా అడగాల్సింది వేరే ఉంది. నరం మీద ఒత్తిడి తీస్తే సరిపోతుందా, స్క్రూలు వేసి పూసలు కలపాలా? నార్వేలో ఇలా పూస జారినవాళ్ల మీద చేసిన పరిశీలన 2021లో వచ్చింది. ఒత్తిడి మాత్రమే తీసినవాళ్లు, రెండేళ్ల తర్వాత, స్క్రూలు వేయించుకున్నవాళ్లకేమీ తీసిపోలేదు. అయితే మీ అమ్మ పూస ఎంత కదులుతోందో ముందు చూడాలి. ఎం.ఆర్.ఐ. పడుకోబెట్టి తీస్తారు కాబట్టి అందులో జారడం తక్కువగా కనపడొచ్చు. నిలబెట్టి, ముందుకి వంచి, వెనక్కి వంచి ఎక్స్‌-రేలు తీశారా? లేకపోతే తీయించు. వెన్ను వంకర కూడా ఉందంటే మెడ నుంచి తుంటి దాకా నిలువు ఎక్స్‌-రే తప్పనిసరి. వంకర బాగా ఎక్కువైతే చిన్న గాట్లతో సరిచేయడం అందరికీ కుదరదు.

నడుస్తుంటే పిక్కలు బరువెక్కి, కూర్చోగానే తగ్గుతోందన్నావు. అలాంటి కాళ్ల బాధకి ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. నడుం నొప్పి కూడా పోతుందని మాత్రం అంత ధీమాగా చెప్పలేం. ఆ సంగతి తనకి ముందే చెప్పు, తర్వాత నిరాశపడకుండా ఉంటుంది.

షుగర్ అదుపులోకి తెచ్చుకోమను. రక్తం పల్చబడే మాత్ర సొంతంగా ఆపొద్దు, ఎప్పుడు ఆపాలో డాక్టరుగారే చెప్తారు. స్క్రూలు వేసేట్టయితే ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ అడుగు.

మంచం మీంచి లేవడం ఇప్పుడే నేర్పించు. మోకాళ్లు మడిచి, భుజం, తుంటి ఒకేసారి పక్కకి తిరగాలి, నడుం మెలి పడకూడదు. కాళ్లు కిందికి జారవిడుస్తూనే మోచేయి ఆనించి, రెండో చేత్తో పరుపుని నొక్కి లేవాలి. ఇంటికొచ్చాక బిందెలెత్తడం, కింద కూర్చుని కూరలు తరగడం కొన్నాళ్లు వద్దు. పూసలు కలిపితే ఎముక అతుక్కోవడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది.

ఈలోగా మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకు. అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.

నిలబెట్టి తీసిన ఎక్స్‌-రేలు రాగానే ఫోన్ చెయ్యి, ఫిల్ములు దగ్గర పెట్టుకో.

మీ పెద్దమ్మ