ప్రార్థన ఉత్తరంలో కొట్టేసిన ఆ ఒక్క వాక్యం

ప్రశ్న: మాది కాజీపేట. తొమ్మిదేళ్లుగా మావారితో కలిసి ఆఫ్రికాలోని మలావీలో పరిచర్య చేస్తున్నాం. ఇద్దరు పిల్లలు. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. మొన్న బాత్రూంలో జారిపడి చెయ్యి విరిగింది. ఫోన్ చేస్తే "నాకేం కాలే బిడ్డా, నువ్వు పరేషాన్ కాకు" అంటుంది. వెళ్లొస్తానంటే మావారు "నాగలి మీద చెయ్యి పెట్టినవాళ్లు వెనక్కి చూడకూడదు" అంటున్నారు. ప్రతి నెలా సంఘాలకు పంపే ప్రార్థన ఉత్తరంలో "చాలా అలసిపోయాను, నా కోసం ప్రార్థించండి" అని రాశాను. పంపేముందు ఆయన ఆ వాక్యం కొట్టేశారు. రెండు నెలలుగా సరిగా నిద్ర లేదు. మోకరిస్తే ఏడుపే వస్తోంది. నా విశ్వాసం పోయిందా?

జవాబు: అమ్మా, పోలేదు. విశ్వాసం పోయినవాళ్లు "నా కోసం ప్రార్థించండి" అని అడగరు.

మీ రోజు ఎలా గడుస్తుందో ఊహించుకుంటున్నాను. కరెంటు పోతే బొగ్గుల కుంపటి మీద వంట, పిల్లల చదువు, స్త్రీల సమాజం, చెప్పకుండా వచ్చే అతిథులు. అక్కడ కొత్త పంట ఏప్రిల్‌లో గానీ చేతికి రాదు. జనవరి నుంచి మార్చి దాకా చాలా ఇళ్లలో గింజలు నిండుకుంటాయి. పాస్టరుగారి గేటు దగ్గరికొచ్చి మక్క పిండి అడిగేవాళ్లు ఆ నెలల్లో ఎక్కువే ఉంటారు. లేదని ఎలా పంపగలరు? పైగా 2023 నవంబరులో అక్కడి డబ్బు క్వాచా విలువను తగ్గించి, డాలరు రేటును ఒక్కసారే 44 శాతం పెంచాక అక్కడ ధరలు ఎంత పెరిగాయో మీకే తెలుసు. ఇక్కడి చుట్టాలకేమో విదేశం అనగానే అమెరికా, డాలర్లే గుర్తొస్తాయి. మీరు తినే న్సీమా మన మక్క గట్కకు చుట్టమేనని మీ అమ్మకు చెప్పండి, ఆమెకు మీ బతుకు వెంటనే అర్థమవుతుంది.

ఇక నాగలి మాట. లూకా సువార్తలో యేసు చెప్పిన ఆ వాక్యం నిజమే. కానీ మార్కు సువార్త ఏడో అధ్యాయంలో "కొర్బాను" సంగతి కూడా ఉంది. తల్లిదండ్రులకు చేయవలసింది దేవునికి ఇచ్చేశామని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు అక్కడ గట్టిగా మందలించాడు. ఈ రెండు భాగాలూ మీ ఇద్దరూ కలిసి చదవండి. ఆదివారం ఆరాధన అయిపోయి ఆయన అలసి ఉన్నప్పుడు మాత్రం వద్దు, వారం మధ్యలో ఒక తెల్లవారుజామున కూర్చోండి. వాదనలో గెలవడం కోసం చదవొద్దు. "నాకు అమ్మను చూడాలని ఉంది" అన్న మాట మీ నోటితో చెప్పండి. మీ ఉత్తరమంతా వెతికాను, ఆయనతో ఆ మాట సూటిగా అన్నట్టు నాకు ఎక్కడా కనిపించలేదు. వెళ్లొస్తానని అన్నారు, అంతే.

ఆయనను నేను తప్పుపట్టలేను. ఆ వాక్యం కొట్టేసింది భయంతో అనుకుంటాను. భార్య అలసిపోయిందని తెలిస్తే కానుకలు ఆగుతాయేమో, "వీళ్లను పిలిపించేద్దాం" అంటారేమో అన్న భయం. అయినా ఆ పని సరైంది కాదు. మంచి వార్తలు మాత్రమే వెళ్లే ఉత్తరం చదివి జనం ప్రార్థిస్తున్నది మీ కోసం కాదు, కాగితం మీదున్న ఒక కుటుంబం కోసం. వచ్చే ఉత్తరంలో ఆ వాక్యం మళ్లీ రాయండి, ఆయన ఒప్పుకున్నాకే పంపండి. అప్పటిదాకా మీ సంఘంలో మీరు నమ్మే ఒక పెద్దామెకు విడిగా ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి.

వరంగల్ నుంచి విజయవాడ రైలెక్కితే దారిలో డోర్నకల్ వస్తుంది కదా. అక్కడ బిషప్పుగా ఉన్న అజరయ్య గారు తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకుని, 1945లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో నిలబడి ఆయన అడిగింది ఒక్కటే: మీరు ఎన్నో ఇచ్చారు, మాకు స్నేహితులను ఇవ్వండి అని. భారతీయ క్రైస్తవుల తరఫున విదేశీ మిషనరీలను అడిగిన మాట అది. మీ కథలో బయటినుంచి వచ్చినవాళ్లు మీరే. అయినా తొమ్మిదేళ్లలో మీకు అక్కడ ఒక్క స్నేహితురాలైనా దొరికిందా? మీరు సాయం చేసే మనిషి కాదు, మీరు ఏడిస్తే మీ వీపు నిమిరే మనిషి. పొరుగున ఎవరో ఉండే ఉంటారు. ఈ వారం ఆమె ఇంటికి ఊరికే వెళ్లి కూర్చోండి, బైబిలు చేతిలో లేకుండా.

నిద్ర సంగతి వాయిదా వేయొద్దు. ఈ మధ్య జ్వరం వచ్చి ఉంటే మలేరియా పరీక్ష, రక్తం ఎంత ఉందో చూసే పరీక్ష రెండూ చేయించండి. రక్తం తక్కువైనా మనిషి ఇలాగే కుంగిపోతుంది. రెండు నెలలుగా నిద్ర లేక ఏడుపు వస్తోందంటే అది డిప్రెషన్ కూడా కావచ్చు, దానికి మందులున్నాయి. డాక్టరుకు ఏడుపు సంగతి కూడా చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే మీవారికీ డాక్టరుకూ చెప్పాలి, దాచొద్దు. ఇక్కడికి వచ్చాక జ్వరం వస్తే మలావీ నుంచి వచ్చానని మొదటే చెప్పండి.

నా అభిప్రాయం అడిగితే, రండి. రెండు మూడు నెలలకు, పిల్లలతో. మీవారు అక్కడి పని చూసుకుంటారు, వీలైతే ఆఖర్లో ఆయనా వచ్చి వెళ్తారు. సంఘానికి దీన్ని సెలవుగా చెప్పండి, సంజాయిషీగా చెప్పొద్దు. వచ్చాక బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగించి, జారని పట్టా వేయించండి. పొద్దునపూట పనికి ఒక మనిషిని కుదర్చండి. ఎముకలు ఎలా ఉన్నాయో డాక్టరుకు చూపించండి. అమ్మను ఎక్కడ ఉంచాలన్నది ఆమెను అడిగాకే తేల్చండి. పిల్లలు తెలుగు తడబడుతూ మాట్లాడినా అమ్మమ్మ సర్దుకుంటుంది. ఇప్పటినుంచే రోజూ పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడనివ్వండి. కాజీపేటలో రాత్రి ఎనిమిదైతే మీకు నాలుగున్నర, పిల్లలు మెలకువగానే ఉంటారు.

టికెట్ ఖరారయ్యాక ఆ మాట అమ్మకు మీరే చెప్పండి, ఇంకెవరితోనూ చెప్పించొద్దు. "ఎందుకు బిడ్డా, పైసలు దండుగ" అంటుంది. అననివ్వండి.