పాఠకుల ప్రశ్నలు: ఆ 16 గోల్స్ తర్వాత మన అమ్మాయిలు ఎక్కడున్నారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అమ్మాయిల ఫుట్‌బాల్ మీదే. 2026 ఏప్రిల్‌లో థాయ్‌లాండ్‌లో అండర్-20, మేలో చైనాలో అండర్-17 మహిళల ఆసియా కప్‌లు జరుగుతున్నాయి, రెండింటికీ ఇండియా అర్హత సాధించింది. అందుకే ఈ వారం క్రికెట్ ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను.

ప్రశ్న: 2022లో అండర్-17 ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. మూడు మ్యాచ్‌ల్లో 16 గోల్స్ ఇచ్చాం, ఒక్కటీ కొట్టలేదు. అయినా మన అమ్మాయిల ఫుట్‌బాల్ మీద ఇంత ఆశ దేనికండీ? (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

లెక్క కరెక్టే తమ్ముడూ. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అక్టోబర్ 11న అమెరికా చేతిలో 8-0, 14న మొరాకో చేతిలో 3-0, 17న బ్రెజిల్ చేతిలో 5-0. ఆ అమెరికా మ్యాచ్ చూస్తుంటే నాకు గోల్స్ కంటే ఎక్కువ బాధ కలిగించింది వేరే విషయం. మన డిఫెండర్ కాలికి బంతి వచ్చేది, దాన్ని అదుపు చేసుకుని తల ఎత్తేలోపే ఇద్దరు అమెరికా అమ్మాయిలు మీద పడేవాళ్లు, ఇక చేసేదేమీ లేక ముందుకి గట్టిగా తన్నేసేది, ఆ బంతి అరనిమిషంలో మళ్లీ మన గోల్ ముందుకే వచ్చేది. చురుకుదనం లేక కాదు. అంత వేగంలో ఆడిన అలవాటు లేదు. బంతి కాలికి చేరకముందే ఎవరికి ఇవ్వాలో చూసుకోవడం మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది, ఎన్ని నెలలు క్యాంప్‌లో ఉన్నా రాదు.

మనం ఆ టోర్నీ ఆడింది ఆతిథ్య దేశం కాబట్టి. అర్హత మ్యాచ్‌లు ఆడి, గెలిచి వెళ్లలేదు. స్కోర్ చూసి ఆ పిల్లల్ని తిట్టినవాళ్లు ఈ సంగతి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది. పైగా ఆ ఆగస్టులో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను సస్పెండ్ చేసింది. పది రోజులకు పైగా అసలు టోర్నీ ఇక్కడ జరుగుతుందో లేదో తెలియని టెన్షన్. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు కాబట్టి సరిపోయింది. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు అదంతా మోస్తూ ప్రాక్టీస్ చేశారు.

ఆ మొరాకో మ్యాచ్ కూడా ఒకసారి గుర్తు చేసుకో. మొదటి సగం మనవాళ్లు గోల్ ఇవ్వలేదు, 0-0. అమెరికా చేతిలో ఎనిమిది తిన్న మూడు రోజులకే! దాని గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తున్నాను.

ప్రశ్న: ఆ ప్రపంచకప్ 2020లో అన్నారు, తర్వాత 2021 అన్నారు, చివరికి 2022లో జరిగింది. ముందు తయారైన జట్టే ఆడిందా? (రిటైర్డ్ పీఈటీ, వరంగల్)

లేదు మాస్టారూ, నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. 2020 నవంబర్‌లో జరగాల్సిన టోర్నీ కోవిడ్ వల్ల 2021 ఫిబ్రవరికి వాయిదా పడింది, తర్వాత పూర్తిగా రద్దయింది. మనకు 2022 ఎడిషన్ ఇచ్చారు. వయసు నిబంధన మాత్రం జనవరి 1 నుంచి లెక్క కదా: 2020 టోర్నీకి 2003లో, ఆ తర్వాత పుట్టినవాళ్లు అర్హులు, 2022కి వచ్చేసరికి అది 2005 అయిపోయింది. అంటే 2003, 2004లో పుట్టి, ఆ కప్పు కోసమే ఇల్లు వదిలి క్యాంపుల్లో ఉన్న అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండానే వయసు దాటిపోయారు. సీనియర్ ఆటలో ఒక ఏడాది పోతే ఇంకో ఏడాది ఉంటుంది, అండర్-17లో అలా ఉండదు. మీలాంటి పీఈటీలకు ఇది నేను చెప్పక్కర్లేదు, స్కూల్ గేమ్స్‌లో ఏటా చూసే ఉంటారు.

ప్రశ్న: ఇప్పుడు క్వాలిఫై అయ్యామంటున్నారు. చిన్న టీమ్‌ల మీద గెలిచే కదా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

టర్క్‌మెనిస్తాన్ మీద 7-0 గెలుపును నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను, మీరు చెప్పింది అంతవరకు ఒప్పుకుంటాను. కానీ 2025 ఆగస్టులో మయన్మార్‌లోని యాంగోన్‌లో అండర్-20 జట్టు ఆడిన మిగతా రెండు అర్హత మ్యాచ్‌లు చూడండి. ఇండోనేసియాతో 0-0. ఆఖరి మ్యాచ్ మయన్మార్‌తో, వాళ్ల సొంత ఊళ్లో, వాళ్ల జనం ముందు. 27వ నిమిషంలో పూజ గోల్ కొట్టింది. ఆ తర్వాత గంటకు పైగా ఆ ఒక్క గోల్‌ని కాపాడుకోవాలి. రెండో సగం అంతా మయన్మార్ మీద మీద పడుతుంటే గోల్‌కీపర్ మోనాలిసా దేవి నిలబెట్టింది. 1-0. ఇరవై ఏళ్ల తర్వాత మన అమ్మాయిలు అండర్-20 ఆసియా కప్‌కి అర్హత సాధించారు.

గుంటూరు తమ్ముడు కూడా ఇది చదవాలి. ఆ మోనాలిసా దేవి, మిడ్‌ఫీల్డ్‌లో ఆడే శుభాంగి సింగ్, వింగ్‌లో పరుగెత్తే నేహా, వీళ్లందరూ 2022 ప్రపంచకప్ జట్టులోని వాళ్లే. అమెరికా, బ్రెజిల్ ముందు ఉతికి ఆరేయించుకున్న ఆ బ్యాచ్ ఆట వదిలేసి ఇళ్లకు పోలేదు, మూడేళ్ల తర్వాత పరాయి గడ్డ మీద ఒక్క గోల్ ఆధిక్యాన్ని చివరిదాకా నిలుపుకుంది. నా ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

2025 అక్టోబర్‌లో తమ అర్హత మ్యాచ్‌ల్లో అండర్-17 అమ్మాయిలు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఆతిథ్య జట్టుని 2-1తో ఓడించారు. ఉజ్బెకిస్తాన్ మీద ముందు గోల్ ఇచ్చి వెనకబడ్డారు, రెండో సగంలో తండమోని బాస్కే, అనుష్క కుమారి చెరో గోల్ కొట్టి 2-1తో గెలిపించారు. వెనకబడి గెలవడం, అదీ ఆ వయసులో, అంత సులువు కాదండీ. ఆ అర్హత మ్యాచ్‌ల్లో రెండు జట్లకూ కోచ్ స్వీడన్‌కు చెందిన యోకిమ్ అలెగ్జాండర్సన్.

థాయ్‌లాండ్‌లో మనది జపాన్, ఆస్ట్రేలియా, చైనీస్ తైపీ ఉన్న గ్రూప్. కష్టమే. జపాన్ చేతిలో పెద్ద స్కోరుతో ఓడినా నేను ఆశ్చర్యపోను. కానీ చైనీస్ తైపీతో మ్యాచ్ మాత్రం కచ్చితంగా చూడండి, మనం ఎంత ఎదిగామో అక్కడ తెలుస్తుంది.

ప్రశ్న: అండర్-17లో ఉత్తర కొరియా అమ్మాయిలు ప్రతిసారీ గెలుస్తున్నారు. వాళ్ల రహస్యం ఏమిటి? (ఇంటర్ విద్యార్థిని, విజయనగరం)

ప్రతిసారీ కాదు గానీ నాలుగుసార్లు గెలిచారు చెల్లీ, 2008, 2016, 2024, 2025. ఇంకెవరికీ అన్ని కప్పులు లేవు. 2024లో డొమినికన్ రిపబ్లిక్‌లో స్పెయిన్‌ని పెనాల్టీల్లో, 2025లో మొరాకోలో నెదర్లాండ్స్‌ని 3-0తో ఓడించారు. 2013లో ప్యోంగ్యాంగ్‌లో ఒక ఫుట్‌బాల్ స్కూల్ తెరిచారు, దేశం నలుమూలల నుంచి చిన్నప్పుడే పిల్లల్ని ఎంచుకుని అక్కడే చదివిస్తూ ఆడిస్తారు. ఏళ్ల తరబడి అదే జట్టు, అదే పద్ధతి. ఫలితం మైదానంలో కనిపిస్తుంది, కానీ ఆ దేశంలో పిల్లలకు 'నేను ఆడను' అనే స్వేచ్ఛ ఎంత ఉంటుందన్న ప్రశ్న నన్ను వదలదు. నేనైతే మనవాళ్లను స్పెయిన్ వైపు చూడమంటాను. అక్కడ క్లబ్‌లు ఉన్నాయి, వారం వారం లీగ్ మ్యాచ్‌లు ఉన్నాయి. సల్మా పరాయుఎలో అండర్-17, అండర్-20, సీనియర్ ప్రపంచకప్‌లు మూడూ గెలిచింది అలాంటి చోటు నుంచి వచ్చే.

2022 ఫైనల్ నవీ ముంబైలో స్పెయిన్, కొలంబియా మధ్య జరిగింది, స్పెయిన్ 1-0తో గెలిచింది. ఓడిన జట్టులో 17 ఏళ్ల లిండా కైసెడో ఉంది. మరుసటి ఏడాదే ఆమె సీనియర్ ప్రపంచకప్‌లో జర్మనీ మీద గోల్ కొట్టింది. అలాంటి అమ్మాయి మన గడ్డ మీద ఆడి వెళ్లింది, చూసినవాళ్లు అదృష్టవంతులు!

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు, ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఎండలో నల్లబడుతుంది, కాళ్లు విరుగుతాయి, మన తెలుగు పిల్లలు ఇందులో ఎక్కడున్నారు అని ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు? (ఒక తల్లి, నిజామాబాద్)

అమ్మా, మీరు రాసింది నిజామాబాద్ నుంచి! గుగులోత్ సౌమ్య మీ జిల్లా అమ్మాయే. ఇండియా సీనియర్ జట్టుకు ఆడుతోంది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్ తీసుకుంది, 2024-25 సీజన్‌కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే ఇచ్చారు. పెద్దవాళ్లకు ముందు ఈ మాట చెప్పండి. అటు అనంతపురంలో స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ అకాడమీ పల్లె ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తోంది. అయితే దేశం జూనియర్ జట్లలో తెలుగు పేర్లు వెతికితే దొరకడం కష్టమే, అది నిజం. జార్ఖండ్, మణిపూర్ పిల్లలు అక్కడ నిండిపోయారు, ఎందుకంటే ఊళ్లో ఆడపిల్ల షార్ట్స్ వేసుకుని బంతి తన్నితే వాళ్లు వింతగా చూడరు. 2022 జట్టు కెప్టెన్ అష్టమ్ ఒరావ్‌ది జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా పల్లెటూరు.

ఇక చేయాల్సినవి. పాప స్కూల్ పీఈటీని కలిసి స్కూల్ గేమ్స్ ఫుట్‌బాల్ సెలక్షన్లు మండలంలో, జిల్లాలో ఎప్పుడో కనుక్కోండి. స్కూల్ జట్ల టోర్నీ సుబ్రతో కప్‌లో అండర్-17 అమ్మాయిల విభాగం ఉంది, స్కూల్ జట్టు ఎంట్రీ పంపమని అడగండి. పుట్టిన తేదీ జనన ధ్రువీకరణ పత్రంలో, ఆధార్‌లో, స్కూల్ రికార్డులో ఒక్కటే ఉందో లేదో ఈ వారమే చూడండి. ఆడే సత్తా ఉండి కాగితం దగ్గర ఆగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. కాళ్ల గురించి మీ భయం అనవసరమైనదేమీ కాదు. అమ్మాయిల్లో మోకాలి లిగమెంట్ గాయాలు అబ్బాయిల కంటే ఎక్కువ, అందుకే దూకి సరిగ్గా దిగడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం లాంటి వ్యాయామాలు ఆటకు ముందు చేయించే కోచ్ దగ్గరికే పంపండి. పీరియడ్స్ గురించి అమ్మాయి మొహమాటపడకుండా చెప్పుకోగలిగే మనిషి అక్కడ ఉందా అని కూడా అడగండి. సాయంత్రం ఆట, ఎండ తగ్గాకే. బూట్లు పెరుగుతాయని రెండు సైజులు పెద్దవి కొనకండి, లోపల పాదం జారితే చీలమండ మెలిక పడుతుంది.