ప్రేమకథగా మారిపోని స్నేహం కామెడీలు

స్నేహం మీద కామెడీ కదా అని మొదలుపెడితే సగంలో ప్రేమకథ అయిపోతోందని, దగ్గరి స్నేహితురాలు పెళ్లయి దూరమయ్యాక మీ మనసుకి తగ్గది ఒక్కటీ దొరకట్లేదని రాశారు. ‘ఫ్రాన్సెస్ హా’ (2012) సినిమా చూడండి. బ్లాక్ అండ్ వైట్, గంటన్నర కూడా ఉండదు. 27 ఏళ్ల ఫ్రాన్సెస్‌కి డాన్స్‌లో సరైన అవకాశం రాదు, కలిసి ఉంటున్న సోఫీ వేరే ఇంటికి వెళ్లిపోతుంది, ఇక అక్కణ్నుంచి ఎవరింట్లో సర్దుకోవాలో, ఏం చేస్తుంటావని అడిగితే ఏం చెప్పాలో తెలియక తిప్పలు పడుతుంది. ట్యాక్స్ డబ్బు వెనక్కొచ్చిన సంబరంలో ఒకతన్ని భోజనానికి పిలుస్తుంది, తీరా హోటల్లో ఆమె కార్డు తీసుకోరు, ఏటీఎం కోసం పరిగెత్తి రోడ్డు మీద పడుతుంది. నవ్వొస్తుంది, వెంటనే అయ్యో అనిపిస్తుంది.

‘బ్రైడ్స్‌మెయిడ్స్’ (2011) మీ విషయానికి ఇంకా దగ్గర. బేకరీ మూతపడిన ఆనీ, ప్రాణస్నేహితురాలి పెళ్లి పనుల్లో కొత్తగా వచ్చిన హెలెన్‌తో పోటీ పడుతుంది. పార్టీలో ఇద్దరూ మైక్ వదలకుండా ఒకరిని మించి ఒకరు ప్రసంగాలు దంచుతారు చూడండి, ఆ అసూయ అచ్చం మనదే. ప్రేమ ట్రాక్ ఉంది గానీ పక్కనే ఉంటుంది. మోటు హాస్యం ఎక్కువ, ఇంట్లో అందరితో కూర్చుని పెట్టకండి. మరీ దిగులుగా ఉంటే మాత్రం దీంతోనే మొదలుపెట్టండి.