టెక్సాస్‌లో బంగారం డబ్బుగా చెల్లితే, బ్యాంకులో డాలర్లు తీసేయాలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను హెచ్1బీ వీసా మీద పనిచేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. బ్యాంకులో 60 వేల డాలర్లున్నాయి. టెక్సాస్‌లో ఇక బంగారం, వెండి కూడా డబ్బుగా చెల్లుతాయట, 40 వేలు అందులోకి మార్చెయ్యమని స్నేహితులు అంటున్నారు. మా ఆవిడ నగలు కూడా ప్రభుత్వ డిపాజిటరీలో (బంగారం, వెండి దాచుకునే రాష్ట్ర ఖజానా) పెట్టుకోవచ్చా?

జవాబు: 40 వేలు మాత్రం మార్చకండి.

మీ స్నేహితులు చెప్పిన చట్టం ఉన్న మాటే. 2025లో గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకం చేశారు, అమలు తేదీ 2027 మే 1. రాష్ట్ర డిపాజిటరీలో దాచుకున్న లోహాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఖర్చు పెట్టుకునే వీలు కల్పించడం దాని ఉద్దేశం. ఇలాంటి దారి 2011లో యూటా రాష్ట్రం మొదలుపెట్టింది. బంగారు, వెండి నాణేలు తప్ప మరేదీ అప్పు తీర్చే డబ్బుగా రాష్ట్రాలు ప్రకటించకూడదని అమెరికా రాజ్యాంగంలో ఉంది, దాన్నే ఆధారం చేసుకున్నారు. అయితే బంగారం తీసుకోమని ఎవరినీ బలవంతపెట్టకూడదని యూటా చట్టమే చెబుతుంది. మీ ఇంటి లోను వాయిదా, ఫెడరల్ పన్ను కట్టాల్సింది డాలర్లలోనే.

అసలు చిక్కు పన్ను దగ్గర ఉంది. రాష్ట్రం డబ్బు అన్నా, ఫెడరల్ పన్నుల శాఖ అయిన ఐఆర్ఎస్ లెక్కలో బంగారం ఇప్పటికీ ఆస్తే. దాంతో ఏదైనా కొంటే, ఆ మేరకు బంగారం అమ్మినట్టే. 2,000 డాలర్లకు కొన్నది 3,000 అయ్యాక దాంతో ఫ్రిజ్ కొన్నారనుకోండి, 1,000 డాలర్ల లాభం చూపించాలి. ఏడాదికి పైగా ఉంచుకున్న బంగారం మీద ఈ పన్ను 28 శాతం దాకా పోవచ్చు. షేర్లకైతే గరిష్ఠం 20 శాతమే. చిన్న చిన్న ఖర్చులకు కూడా కొన్న ధర, వాడిన రోజు ధర రాసి పెట్టుకోవాలి. కొన్ని రాష్ట్రాల వాళ్లకు ఇలాంటి చట్టాల వల్ల రాష్ట్ర పన్ను తగ్గుతుంది. టెక్సాస్‌లో ఆదాయపు పన్నే లేదు కాబట్టి మీకు ఆ లాభమూ లేదు.

ధర సంగతి కూడా చూడండి. 2011లో ఔన్సు దాదాపు 1,900 డాలర్లు పలికిన బంగారం 2015 చివరికి 1,050 దగ్గరికి పడింది. మళ్లీ పాత ధర దాటింది 2020లో. ఉద్యోగం పోతే, మరోటి వెతుక్కోవడానికో దేశం విడిచి వెళ్లడానికో హెచ్1బీ వాళ్లకు సాధారణంగా దొరికే గడువు 60 రోజుల దాకానే. ఆ టెన్షన్‌లో, ధర పడి ఉన్నప్పుడు బంగారం అమ్ముకునే పరిస్థితి మీకు రాకూడదని నా ఆరాటం.

అందుకే ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి. నెలకు ఆరు వేలనుకుంటే 36 వేలు, ఎఫ్‌డీఐసీ బీమా (బ్యాంకు మునిగినా డిపాజిట్‌ను కాపాడే ఫెడరల్ బీమా) ఉన్న సేవింగ్స్ ఖాతాలో డాలర్లుగానే ఉండాలి. మిగిలిన 24 వేలలో బంగారం మీద అంత ఇష్టముంటే రెండు వేలకు మించకుండా కొనండి. డీలర్ కొనే ధరకీ అమ్మే ధరకీ తేడా, దాచినందుకు ఫీజు ముందే అడిగి తెలుసుకోండి. మిగతాది పిల్లల చదువుకీ, మీ రిటైర్‌మెంట్‌కీ వెళ్లాలి.

మీ ఆవిడ నగలను ఇందులో కలపకండి. ఈ డిపాజిటరీ కడ్డీలకు, నాణేలకు ఉద్దేశించినది. నగలు కరిగిస్తే మజూరి, తరుగు కింద ఇచ్చిన డబ్బంతా పోతుంది. వాటిని బ్యాంకు లాకర్లో పెట్టి, విడిగా బీమా చేయించండి. ఇంటి బీమాలో నగలకు ఇచ్చే పరిమితి చాలా తక్కువ ఉంటుంది, ఈ వారమే ఆ పాలసీ కాగితం తీసి చూసుకోండి.